ఆశ్రయం తిరస్కరించాక జర్మనీలో ఉండే గడువు: ఇక్కడి నుంచి ఇంటివాళ్లు చూడాల్సిన పని

జర్మనీలో ఆశ్రయం అడిగి కాదనిపించుకున్న కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి "ఆరు నెలలు పొడిగించారు" అంటాడు. ఇచ్ఛాపురంలో ఉన్న తల్లికైనా, చీపురుపల్లిలో ఉన్న అన్నకైనా అది వీసా పొడిగింపులాగే వినిపిస్తుంది. హమ్మయ్య అనుకుని అప్పిచ్చినవాళ్లకు ఇంకో ఆరు నెలలు వాయిదా చెప్పుకుంటారు. కానీ అతని చేతికొచ్చింది వీసా కాదు. దాన్ని డుల్డుంగ్ అంటారు. దేశం విడిచి వెళ్లాల్సిన బాధ్యత అలాగే ఉంది, ప్రస్తుతానికి పంపడం మాత్రం ఆపాం అని చెప్పే కాగితం అది. ఐమూలగా ఎర్రగీత ఉంటుంది. ఇది నివాస అనుమతి కాదనీ, దీన్ని కలిగినవారు దేశం విడిచి వెళ్లాల్సినవారేననీ జర్మన్‌లో అచ్చు వేసే ఉంటుంది. దాంతో జర్మనీ దాటితే అది అక్కడితో చెల్లదు. పెళ్లికనో, తండ్రికి బాగోలేదనో ఇంటికొస్తే మళ్లీ వెళ్లే దారి ఉండదు.

అయినా ఆ కాగితం నుంచి గట్టి నివాస అనుమతికి వెళ్లే దారులు చట్టంలో ఉన్నాయి. వాటన్నిటికీ ముందున్న గడప ఒకటే: నువ్వెవరో నిరూపించుకోవడం. ఆ రుజువులు బెర్లిన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దొరకవు. మన సచివాలయాల్లో, బడి రిజిస్టర్లలో, తహసీల్దారు ఆఫీసుల్లో ఉన్నాయి. అందుకే ఈ పోస్టు అక్కడున్నవాళ్ల కంటే ఇక్కడున్న ఇంటివాళ్ల కోసం.

తిరస్కరణ ఉత్తరం

భారతీయుల ఆశ్రయ దరఖాస్తుల్లో చాలా ఎక్కువ భాగం తిరస్కరణకే గురవుతాయి. ఆ నిర్ణయం ఆశ్రయ దరఖాస్తులు చూసే బామ్ఫ్ అనే కేంద్ర కార్యాలయం నుంచి పసుపుపచ్చ కవరులో వస్తుంది. అది అందించిన తేదీని పోస్ట్‌మ్యాన్ కవరు మీదే రాస్తాడు. అప్పీలు గడువు ఆ తేదీ నుంచే మొదలు. ఉత్తరం దాచుకుని కవరు పారేసేవాళ్లు చాలామంది. తరవాత తేదీ మీద తగువొస్తే చూపించడానికి ఏమీ మిగలదు. కవరును ఉత్తరానికి పిన్ చేసి, రెండింటికీ ఫోటో తీసి ఇంటికి పంపమనండి.

మామూలు తిరస్కరణ అయితే పరిపాలనా కోర్టులో దావా వేయడానికి రెండు వారాలుంటాయి. వేస్తే తీర్పు వచ్చేదాకా పంపరు. "స్పష్టంగా నిరాధారం" అని తిరస్కరిస్తే ఉండేది ఒక్క వారమే. ఆ వారంలో దావాతో పాటు అత్యవసర పిటిషన్ కూడా వేయాలి. దావా ఒక్కటే వేసి ఊరుకుంటే అది కోర్టులో నడుస్తుండగానే విమానం ఎక్కించవచ్చు. అబద్ధపు పేరో దొంగ కాగితమో పెట్టినందుకు ఈ రెండో రకం తిరస్కరణ వస్తే, దేశం విడిచేదాకా చాలా రకాల నివాస అనుమతులకు తలుపు మూసుకుంటుంది. ఏజెంట్లు అమ్మే తయారుచేసిన కథలు, నకిలీ ఎఫ్ఐఆర్‌లు చేసే అసలు నష్టం ఇదే. యూరోపియన్ యూనియన్ కొత్త ఆశ్రయ నియమాలు వర్తించేది 2026 జూన్ 12 నుంచి. కాబట్టి ఎవరి కేసుకైనా ఉత్తరం చివరి పేజీలో రాసిన గడువే ప్రమాణం, స్నేహితుడికి వచ్చిన గడువు కాదు.

ఇంకో మాట. గది మారిన ప్రతిసారీ కొత్త చిరునామాను బామ్ఫ్‌కి, డుల్డుంగ్ ఇచ్చే స్థానిక విదేశీయుల కార్యాలయానికి, కేసు నడుస్తుంటే కోర్టుకి విడివిడిగా తెలియజేయాలి. ఒకచోట చెబితే మిగతావాళ్లకు తెలుస్తుందనుకోవద్దు. పాత చిరునామాకు వెళ్లిన ఉత్తరం అందినట్టే లెక్క.

డుల్డుంగ్ పొడిగింపు ఎలా నడుస్తుంది

ఒక నెలకిస్తారా, మూడు నెలలకా, ఆరు నెలలకా అన్నది స్థానిక విదేశీయుల కార్యాలయం చేతిలో ఉంటుంది. పంపడం ఏ కారణం వల్ల ఆగిందో ఆ కారణం ఉన్నంతకాలం పొడిగిస్తారు. పాస్‌పోర్టు లేకపోవడం, జబ్బు, గర్భం, జర్మన్ పౌరసత్వం ఉన్న బిడ్డ, నడుస్తున్న వృత్తి శిక్షణ, ఇలా ఏదో ఒకటి. కారణం తీరిపోయిన రోజున పొడిగింపు కూడా ఆగుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. నివాస అనుమతి ఉన్నవాడు గడువు తీరేలోపు పొడిగింపుకి దరఖాస్తు పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతి కొనసాగినట్టే చట్టం చూస్తుంది. దానికి ఫిక్షన్స్ బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. డుల్డుంగ్‌కి ఆ రక్షణ లేదు. తేదీ దాటితే చేతిలో ఉన్నది తేదీ దాటిన కాగితమే. పోలీసులు ఆపితే ఇబ్బంది. అంతకంటే ముందు యజమాని పని ఆపేస్తాడు. పని ఆగితే జీతం చీటీల వరస తెగుతుంది, ఆ వరసే తరవాతి అనుమతికి ఆధారం. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే అపాయింట్‌మెంటు అడగాలి. దొరక్కపోతే పొడిగింపు కోరుతూ ఈమెయిల్, దాంతోపాటు రిజిస్టర్డ్ పోస్టు పంపి, రసీదులు దాచుకోవాలి. కార్యాలయం ఆలస్యం చేసింది, నేను కాదు అని చూపించేవి ఆ రసీదులే.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: ఇప్పటి డుల్డుంగ్, ఫోటో, ఇంటి అద్దె ఒప్పందం, పని ఒప్పందం, గత మూడు నుంచి ఆరు నెలల జీతం చీటీలు, ఆరోగ్య బీమా పత్రం, భాషా పరీక్ష సర్టిఫికెట్, పాస్‌పోర్టు కోసం చేసిన ప్రయత్నాల ఫైలు. ఈ చివరిదే అన్నిటికన్నా బరువైనది.

కాగితం చేతికిచ్చాక అక్కడే నిలబడి రెండు చోట్ల చదవాలి. ఒకటి, పని గురించిన వాక్యం: అసలు కుదరదని ఉందా, అనుమతితో చేయొచ్చని ఉందా. రెండోది, "గుర్తింపు తేలని వ్యక్తులకు" అన్న మాట ఎక్కడైనా ఉందా. ఆ మాట ఉంటే అది నివాస చట్టం 60బి సెక్షన్ కింద ఇచ్చింది. దాంతో పని చేయకూడదు. దాని మీద గడిపిన నెలలు తరవాతి అనుమతులకు లెక్కలోకి రావు. మూడేళ్లు ఉన్నానని చెప్పుకున్నా చట్టం దృష్టిలో ఒక్క నెల కూడా కూడనివాళ్లు ఇలాగే తయారవుతారు. దీనికి విరుగుడు ఉంది. పాస్‌పోర్టు కోసం చేయాల్సిన పనులు ఎప్పుడు చేసి చూపించినా ఆ మాట లేని మామూలు డుల్డుంగ్ ఇవ్వాలి. భారత కాన్సులేట్‌కి స్వయంగా వెళ్లడం, ఫారం నింపడం, వేలిముద్రలివ్వడం, ఫీజు కట్టడం, ఇవన్నీ చేశానని ప్రమాణపూర్వకంగా రాసివ్వడం. కొంతకాలం తరవాత మళ్లీ ప్రయత్నించమంటే మళ్లీ వెళ్లడం.

పాస్‌పోర్టు దాచుకోమనే సలహా

"పాస్‌పోర్టు ఇస్తే పంపేస్తారు" అన్న భయం ఊరికే పుట్టింది కాదు. పాస్‌పోర్టు లేకపోవడమే పంపడం ఆగడానికి కారణమైతే, అది ఇవ్వగానే ఆ అడ్డు తొలగుతుంది. ఈ నిజాన్ని కప్పిపుచ్చి ధైర్యం చెప్పడం మోసమే అవుతుంది. కానీ ఇవ్వడం చట్టం ప్రకారం బాధ్యత. ఇవ్వకుండా దాటే దారి కూడా ఏటేటా ఇరుకవుతోంది. 2022 డిసెంబరు 5న ఢిల్లీలో భారత్, జర్మనీ వలస ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చదువుకీ పనికీ వెళ్లేవాళ్లకు దారి సులువు చేయడంతో పాటు, ఉండే హక్కు లేనివాళ్లను తిరిగి తీసుకోవడం కూడా అందులో భాగం. పాస్‌పోర్టు లేకపోయినా, మనిషి ఫలానా అని ఇక్కడ విచారణలో తేలితే భారత ప్రభుత్వం ఒకవైపు ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అంటే దాచినవాడు పని హక్కునీ, లెక్కకొచ్చే నెలలనీ పోగొట్టుకుని చివరికి అదే విమానం ఎక్కుతాడు.

తెలివైన పద్ధతి పాస్‌పోర్టును ఒంటరిగా ఇవ్వకపోవడం. వృత్తి శిక్షణ ఒప్పందమో, పన్నెండు నెలల జీతం చీటీలో, దేని మీద నిలబడి తరవాతి అనుమతి అడుగుతున్నారో ఆ దరఖాస్తుతో కలిపి, వలస చట్టం తెలిసిన లాయరు ద్వారా ఇవ్వాలి. కార్యాలయం పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇచ్చినట్టు రసీదు, అన్ని పేజీల నకలు తీసుకోకుండా బయటికి రావద్దు.

మొదట్లో తప్పుడు పేరో పుట్టిన తేదీయో చెప్పి ఉంటే దాన్ని సరిదిద్దడం ఇంకా సున్నితం. అందులో క్రిమినల్ కేసు పెట్టే వీలు కూడా ఉంది కాబట్టి లాయరు లేకుండా వెళ్లకూడదు. కానీ వాళ్లు పట్టుకున్న తరవాత ఒప్పుకోవడానికీ, మనంతట మనం ముందుకొచ్చి చెప్పడానికీ చాలా తేడా చూస్తారు.

మన దగ్గర తీయాల్సిన కాగితాలు

ముందుగా ఒక అపోహ తీసేయాలి. విదేశాలకు కాగితం పంపాలంటే అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని ఇతర దేశాల కోసం వేసే ధ్రువీకరణ) వేయిస్తే చాలు అని ఇక్కడి కన్సల్టెన్సీలు చెబుతాయి. చాలా దేశాలకు అది నిజమే. జర్మనీకి కాదు. హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకే ఇక్కడి అపోస్టిల్‌ని ఆ దేశం గుర్తించదు. ఆ ముద్రకి పెట్టిన డబ్బు వృథా. దానికి బదులు జర్మన్ కార్యాలయం కోరితే చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ ద్వారా కాగితాల పరిశీలన జరుగుతుంది. కాన్సులేట్ నియమించిన వ్యక్తి, మామూలుగా ఒక లాయరు, ఊరికొచ్చి జనన రిజిస్టరు చూస్తాడు. బడిలో అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తాడు. ఇరుగుపొరుగును అడుగుతాడు. నెలలు పట్టే పని, ఖర్చు దరఖాస్తుదారుదే. అతను వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు భయపడి "మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు" అన్నారంటే కేసు అక్కడే దెబ్బతింటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పాస్‌పోర్టు పోలీసు విచారణకి వచ్చే కానిస్టేబుల్‌కైనా ఇదే మాట. విదేశంలో కొత్త పాస్‌పోర్టుకు పెట్టినా విచారణ జరిగేది ఇక్కడి చిరునామాలోనే.

జనన ధ్రువపత్రం దగ్గరే ఎక్కువ చిక్కులు. ఉద్దానం పల్లెల్లో, ఏజెన్సీ గ్రామాల్లో ఇంటి దగ్గర పుట్టినవాళ్లలో చాలామందికి అసలు నమోదే ఉండదు. అప్పుడు ముందు రిజిస్టరులో లేదన్న ధ్రువపత్రం తీసుకుని, ఆలస్యపు నమోదుకు పెట్టాలి. ఏడాది దాటిన నమోదుకు ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 1969 చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు వైపు వచ్చింది, కాబట్టి పని ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. ఆలస్యపు నమోదుతో వచ్చిన పత్రాన్ని జర్మన్ అధికారులు ఒంటరిగా నమ్మరు, గత నెల తీసిన పత్రం పాతికేళ్ల కిందటి పుట్టుకకు రుజువేమిటి అంటారు. దానికి తోడుగా టెన్త్ మెమో, ఒకటో తరగతిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టరు నకలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు వెళ్లాలి. పాత కాగితం ఎంత పాతదైతే అంత విలువ. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు నకళ్లు భారత కాన్సులేట్‌కి పనికొస్తాయి గానీ పుట్టిన తేదీకి అవి రుజువు కావు.

తరవాత పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివర. అప్పలనాయుడు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. పైడిరాజు, తవిటయ్య, సింహాచలం లాంటి మన పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగులు మూడు రకాలు. మనకివి ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. ఇంటిపేరు, సొంత పేరు వేర్వేరు గళ్లలో రాసుకునే జర్మన్ గుమస్తాకి ఇద్దరు మనుషులు కనిపిస్తారు. తేడాలన్నీ ఒకే చోట రాసి, ఇవన్నీ ఒక్కరివేనని తహసీల్దారు దగ్గర ధ్రువపత్రం తీసుకోండి. తల్లిదండ్రుల పేర్లలో తేడాలను కూడా అందులోనే చేర్చాలి. అవి వదిలేయడం వల్ల రెండోసారి తిరగాల్సి వస్తుంది.

జిల్లా పేరు ఇంకో ఉచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలో కలిశాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. దాంతో 2019 నాటి పాస్‌పోర్టులో ఒక జిల్లా, నిన్న తీసిన జనన ధ్రువపత్రంలో ఇంకో జిల్లా. తల్లిదండ్రుల కాగితాల్లోనూ ఇదే తేడా రావచ్చు. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న, అంతకు ముందు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు శ్రీకాకుళం జిల్లావే. పుట్టిన ఊరు మారలేదని, జిల్లా సరిహద్దే మారిందని ఒక వాక్యం అనువాదకుడి చేత వివరణగా రాయించండి. దానికి తహసీల్దారు ధ్రువపత్రం జతచేస్తే ప్రశ్న తెగుతుంది.

అనువాదం జర్మనీలో కోర్టు గుర్తించిన అనువాదకుడే చేయాలి. ఇక్కడ చేయించినవి తరచూ తిరిగొస్తాయి. తెలుగు నుంచి జర్మన్‌కి అలాంటి అనువాదకులు అరుదు కాబట్టి మీసేవలోనో సచివాలయంలోనో ఇంగ్లీషు కూడా ఉన్న కంప్యూటర్ పత్రమే అడిగి తీసుకోండి. ముందు రంగుల స్కాన్ పంపి, అనువాదకుడు, లాయరు సరే అన్నాకే అసలు కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపండి. ఒకే కవరులో అన్ని అసళ్లూ పెట్టవద్దు.

డుల్డుంగ్ నుంచి ముందుకు

ఔస్‌బిల్డుంగ్, అంటే కనీసం రెండేళ్ల గుర్తింపు పొందిన వృత్తి శిక్షణ, చిన్న వయసువాళ్లకు అన్నిటికంటే గట్టి దారి. శిక్షణ కాలమంతా పంపరు. ముగించి అదే పనిలో ఉద్యోగం దొరికితే రెండేళ్ల నివాస అనుమతి. దరఖాస్తు శిక్షణ మొదలవడానికి ఏడు నెలలకంటే ముందు పెట్టకూడదు, మామూలుగా మూడు నెలలు డుల్డుంగ్ మీద ఉండి ఉండాలి, పంపే ఏర్పాట్లు అప్పటికే మొదలై ఉండకూడదు. 2020 నుంచి వెళ్లినవాళ్లకు గుర్తింపు నిరూపణ ప్రయత్నం దేశంలోకి అడుగుపెట్టిన ఆరు నెలల్లోపు జరిగి ఉండాలి. కాగితం ఆలస్యంగా వచ్చినా, ప్రయత్నం ఆ గడువులో మొదలైందని చూపిస్తే లెక్కకొస్తుంది. ఇందుకే ఇంటివాళ్లు మొదటి నెల నుంచే కదలాలి అనడం. 2024 మార్చి నుంచి ఇదే శిక్షణకు డుల్డుంగ్ బదులు నేరుగా నివాస అనుమతి ఇచ్చే వీలు కూడా ఉంది, ఖర్చులు సొంతంగా భరించగలనని చూపించాలి. శిక్షణ మధ్యలో ఆగిపోతే ఇంకో చోటు వెతుక్కోవడానికి ఒక్కసారి ఆరు నెలలిస్తారు.

పనిలో ఉన్నవాళ్లకు ముప్పై నెలల ఉద్యోగ డుల్డుంగ్ ఉంది. 2022 డిసెంబరు 31 లోపు వెళ్లినవాళ్లకే. ఏడాది డుల్డుంగ్, ఏడాదిగా వారానికి కనీసం ఇరవై గంటల ఉద్యోగం, మాట్లాడటంలో ఏ2 (ప్రాథమిక) స్థాయి జర్మన్ ఉండాలి. 2017 నుంచి 2022 మధ్య వెళ్లినవాళ్లు 2024 చివరికల్లా గుర్తింపు తేల్చుకుని ఉండాలి. దీర్ఘకాలం ఉన్నవాళ్లకు నివాస చట్టం 25బి సెక్షన్ కింద నివాస అనుమతి: ఆరేళ్లు, మైనరు పిల్లలుంటే నాలుగేళ్లు ఉండి ఉండాలి. ఇరవై ఏడేళ్లలోపు వాళ్లకు మూడేళ్ల నివాసంతో 25ఏ సెక్షన్ కింద. అవకాశ నివాస హక్కు అని పద్దెనిమిది నెలలకు ఇచ్చిన పథకం 2025తో ముగిసింది. అది చేతిలో ఉన్నవాళ్లకు ఇంకో పొడిగింపు లేదు, ఆ పద్దెనిమిది నెలల్లోనే 25ఏకో 25బికో మారాలి.

జబ్బు కారణంగా ఉండనివ్వమని అడిగేవాళ్లలో కిడ్నీ రోగులుంటారు, ఉద్దానం మనుషులకు అది తెలియని సంగతి కాదు. దీనికి డాక్టరు రాసిన వివరమైన నివేదిక ఆలస్యం లేకుండా ఇవ్వాలి: ఏ పరీక్షలు చేశారు, రోగం ఏ దశలో ఉంది, వైద్యం ఆగితే ఏమవుతుంది. సైకాలజిస్టు చీటీ సరిపోదు. అయితే అక్కడి అధికారులు చూసేది సొంత దేశంలో వైద్యం జర్మనీ స్థాయిలో ఉందా అని కాదు, దేశంలో ఎక్కడైనా అందుతుందా అని. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైందని వాళ్లు చూపించగలరు. అందుకని ఆ మనిషికి కావాల్సిన ఫలానా మందు, వారానికి ఇన్ని డయాలసిస్‌లు, ఇంటి నుంచి దూరం, చేతి నుంచి పెట్టాల్సిన ఖర్చు, ఇవన్నీ ఇక్కడి డాక్టరు లెటరుహెడ్ మీద రాయించి పంపితేనే వాదన నిలుస్తుంది. "కిడ్నీ పేషెంటు" అన్న రెండు మాటలు నిలబడవు.

ఏ దారీ సరిపోకపోతే, మానవీయ కారణాలతో ఉండనివ్వమని సిఫారసు చేయగల కష్టకేసుల సంఘం జర్మనీలోని ప్రతి రాష్ట్రంలోనూ ఒకటుంటుంది. పంపే తేదీ ఖరారు కాకముందే దాన్ని ఆశ్రయించాలి. అదీ కాదంటే తనంతట తాను తిరిగి రావడం మేలు. బలవంతంగా పంపితే మళ్లీ అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది, తిరస్కరణ ఉత్తరంలో అది తరచూ ముప్పై నెలలని ఉంటుంది. ఇచ్చిన గడువులో సొంతంగా బయలుదేరి, సరిహద్దు దాటినట్టు రుజువు చేసే పత్రం మీద ముద్ర వేయించుకుంటే ఆ నిషేధం అమల్లోకి రాదు. ఆ పత్రం విదేశీయుల కార్యాలయమే ఇస్తుంది, విమానాశ్రయంలో పోలీసులకు చూపించాలి. తిరిగొచ్చాక ఇక్కడి నుంచే వృత్తి శిక్షణ వీసాకో, ఉద్యోగ వీసాకో పెట్టుకోవచ్చు. నైపుణ్యం ఉన్న భారతీయ ఉద్యోగులకు ఏటా ఇచ్చే వీసాల పరిమితిని 20,000 నుంచి 90,000కు పెంచుతున్నట్టు జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. అక్కడ నేర్చుకున్న జర్మన్ భాష సర్టిఫికెట్లు, జీతం చీటీలు, యజమాని ఇచ్చిన ఉత్తరం బ్యాగులో వేసుకుని రమ్మనండి. కొత్త దరఖాస్తుకు అవి కావాలి.